మాడు చూసే మనిషి

మా పసిపిల్లల వార్డులో ఆమెను సొంత పేరుతో పిలిచినవాళ్ళు లేరు. హాజరుపట్టీలో తప్ప ఆ పేరుకు వేరే పని లేదు. అందరికీ ఆమె మాడమ్మ. కొత్తగా వచ్చినవాళ్ళు మాకు మేడమ్ అనడం చేతకాక అలా అంటున్నామనుకునేవారు. అనుకుంటే అనుకోనీ, మాకేం పోయింది. పుట్టిన పిల్లల మాడు మీద స్కానింగు ఆనించి, లోపల మెదడు ఎలా ఉందో చూడటం ఆమె ఉద్యోగం. మాడు చూసే మనిషి మాడమ్మ కాక మరేమవుతుంది?

ఆ వార్డులో నేను ఇరవై రెండేళ్ళు ఆయాగా చేశాను. చదివింది మూడో తరగతి. అయినా ఆ తెర మీద ఏది ఏమిటో ఇప్పటికీ వేలు పెట్టి చూపించగలను. చదువుకున్నవాళ్ళకు ఈ మాట రుచించదు. రుచించకపోతే వాళ్ళనే వచ్చి చూపించమనండి.

సంగతి పెద్ద కష్టమైనదేం కాదు. పసివాళ్ళ నడినెత్తిన ఎముకలు ఇంకా అతుక్కోని జాగా ఒకటి ఉంటుంది. వేలు ఆనిస్తే మెత్తగా, గుండెలాగే కొట్టుకుంటూ ఉంటుంది. అదే మాడు. యంత్రం పంపే శబ్దం మన చెవికి వినబడదు. ఎముక అడ్డమైతే అది సరిగా పోలేదు కానీ మాడులోంచి మాత్రం దూరిపోతుంది. లోపల తగిలిన చోటల్లా వెనక్కి వచ్చి తెర మీద బొమ్మ కడుతుంది. నడిమధ్య ఒక గీత, గీతకు అటొకటి ఇటొకటి రెండు నీటి మడుగులు, చుట్టూ మడతలు. నీళ్ళు నల్లగా కనబడతాయి. నెత్తురు చిమ్మితే తెల్లగా కనబడుతుంది. నెత్తురు తెల్లగా ఉండటమేమిటే అని నేను అడిగితే మాడమ్మ, "యంత్రానికి రంగులు తెలియవు పిన్నీ. గట్టిదా, నీళ్ళా, అంతే. మా అత్తగారికీ అంతే, మనుషుల్లో రెండే రకాలు" అంది.

నెలలు నిండకుండా పుట్టినవాళ్ళ మెదడులో నాళాలు తడిసిన కాగితంలా ఉంటాయి. చిట్లినా వాళ్ళు ఏడ్చి చెప్పలేరు. అందుకే మొదటి వారంలో ఒకసారి, తర్వాత మరోసారి తొంగిచూడాలి. ఏడాదో ఏడాదిన్నరో గడిస్తే మాడు మూసుకుపోతుంది. "ఆ తర్వాత ఎవరి బుర్రలో ఏముందో, అసలుందో లేదో ఎవరికీ తెలియదు. అందుకే కొంతమంది బతికిపోతున్నారు" అనేది మాడమ్మ, పెద్ద డాక్టరు గది వైపు చూస్తూ.

మనిషి పొడుగు, సన్నం. నవ్వితే శబ్దం రాదు, భుజాలు మాత్రం ఊగుతాయి. తల మీద పూసే జెల్లీ చల్లగా ఉంటే పిల్లలు ఉలిక్కిపడతారని ఆ సీసాను పొద్దున వచ్చీరాగానే చంకలో పెట్టుకునేది, కోడిపెట్ట గుడ్డు పొదిగినట్టు. సీసా చంకలో ఉండగానే సంతకం చేసేది, టీ తాగేది, నాతో పోట్లాడేది. ఒకసారి పెద్ద డాక్టరు ఏదో చూపించమంటే చెయ్యెత్తి, సీసా ఆయన బూటు మీద జారవిడిచింది. ఆయన బూటు రోజంతా తళతళలాడింది.

ముందు ఆమె కింది అంతస్తులో, కడుపులు చూసే గదిలో తొమ్మిదేళ్ళు పనిచేసింది. అక్కడ పడుకునేది ఒకరు, వెంట వచ్చి నిలబడేది ఆరుగురు. ముక్కు ఎవరిది, నుదురు ఎవరిది అని ఆ మసక బొమ్మ ముందే పంచాయతీలు. విసిగిపోయి మా వార్డుకు మార్పించుకుంది. "ఇక్కడి పేషెంట్లు బంగారాలు పిన్నీ. ఏడుస్తారు, తడుపుతారు. అంతే కానీ సలహాలివ్వరు."

మొగుడు తాళాలు బాగుచేస్తాడు. ఆయన మూసుకుపోయిన తలుపులు తెరుస్తాడు, ఈమె తెరిచి ఉన్న కిటికీలోంచి తొంగిచూస్తుంది. కాపురం సజావుగానే సాగింది. ఉన్న జబ్బల్లా ఒక్కటే. బస్సులో ముందు సీట్లో తల్లి భుజం మీద ఏ పసివాడి తల కనబడినా ఆమె చెయ్యి ఊరుకోదు. మెల్లగా మాడు తడిమి చూస్తుంది. అలా ఒకసారి ఒక తల్లి చేతిసంచీతో మొహం మీద కొట్టింది కూడా. మర్నాడు బుగ్గ వాచి వచ్చి, "కొడితే కొట్టింది, మాడు మాత్రం చక్కగా ఉంది" అని నాకు చెప్పింది.

ఇక అసలు సంగతికి వస్తాను.

మూడో గాజుపెట్టెలో ఒక మగపిల్లాడు ఉండేవాడు. రెండు నెలల ముందే తొందరపడి వచ్చాడు, నా రెండు పిడికిళ్ళంత. తల్లి పుస్తకాలు కుట్టే పని చేసే అమ్మాయి, నోట్లో నాలుక లేని పిల్ల. ఆ లోటు తీర్చడానికి అత్తగారు వెంట ఉండేది. ఆ నాయనమ్మకు నోరు ఎంత ఉందంటే, నాకే ముచ్చటేసేది. స్కాను యంత్రం చూసి, "ఆ వేడికి మెదడు ఉడికిపోదూ?" అని అడిగింది.

"ఉడకదమ్మా, అది శబ్దం" అంది మాడమ్మ.

"శబ్దమా? నాకేం వినబడలేదే."

"మీకు వినబడదు."

"అంటే నేను చెవిటిదాన్నా?"

మాడమ్మ యంత్రం వైపు తిరిగి తీగలు సర్దుకోవడం మొదలుపెట్టింది.

పుట్టిన నాలుగో రోజున మాడమ్మ వాడి తల చూసింది. ఎడమవైపు మడుగు అంచున తెల్లటి మచ్చ ఉంది. తెర మీద చిక్కుడు గింజలా, గింజకున్నట్టే ఒక పక్క చిన్న నొక్కుతో. అంటే కాస్త నెత్తురు చిమ్మింది. చిన్నదే, చాలామందికి దానంతటదే కరిగిపోతుందని పెద్ద డాక్టరు తల్లికి చెప్పి, వారం తర్వాత మళ్ళీ చూడమన్నాడు. వారం తిరిగేసరికి మాడమ్మ తల్లికి కంటి ఆపరేషను పడింది. ఆమె రెండు రోజులు సెలవు పెట్టింది. కొత్తగా చేరిన చిన్న డాక్టరు, "నేను చూస్తాను, నాకు వచ్చు" అన్నాడు.

ఇక్కడ నేను చేసిన పని ఒకటి ఉంది. తర్వాత నసిగేకంటే ఇప్పుడే చెప్పేస్తే మీకూ నాకూ సుఖం. ఆ రోజు పొద్దున చేతులు కడిగే తొట్టి గొట్టం కారి, మూడో పెట్టె కింద నీళ్ళు నిలిచాయి. నర్సును అడగకుండా పెట్టె కదపకూడదని నియమం. నర్సు అప్పుడు వేరే బిడ్డ దగ్గర ఉంది. నేను చక్రాల బిగింపు తీసి, పెట్టె లాగి, తిప్పి, నేల తుడిచి, మళ్ళీ నెట్టాను. నెట్టాక చూస్తే అటుది ఇటయింది. వార్డులో పిల్లలందరి తలలూ గోడవైపు ఉంటే, వీడి తల నడవ వైపు వచ్చింది. తీగలు అందాయి, ఊపిరి బాగానే ఉంది, వాడు హాయిగా నిద్రపోతున్నాడు. మధ్యాహ్నం తిప్పుదాంలే అనుకున్నాను. తిప్పాను కూడా. కానీ ఈలోపు చిన్న డాక్టరు యంత్రంతో వచ్చి స్కాను చేసి వెళ్ళాడు.

మాడు మీద ఆనించే ముక్కను ప్రోబు అంటారు. దానికి ఒక పక్క చిన్న గాడి ఉంటుంది. ఆ గాడి బిడ్డ కుడిచెవి వైపు ఉండాలి. అప్పుడే తెర మీద కుడి కుడిగా, ఎడమ ఎడమగా వస్తుంది. తిరగబడితే బొమ్మ అద్దంలో చూసినట్టు మారిపోతుంది. చూడటానికి ఏ తేడా తెలియదు, తలకాయలో రెండు వైపులూ ఒకేలా ఉంటాయి మరి. మాడమ్మ చిన్న డాక్టరుకు నేర్పినప్పుడు కుడిచెవి వైపు అనే నేర్పింది. మా వార్డులో అందరి కుడిచెవులూ కిటికీ వైపే ఉంటాయి కాబట్టి, ఆ అబ్బాయి గాడి కిటికీ వైపు అని గుర్తుపెట్టుకున్నాడు. దగ్గరి దారి. ఆ రోజు మూడో పెట్టెలో కిటికీ వైపు ఉన్నది ఎడమచెవి.

మర్నాడు ఉదయం పెద్ద డాక్టరు వార్డు చుట్టి చూడటానికి వచ్చాడు. నలభై మంది పిల్లలు, ఆయన ఒక్కడు. బొమ్మలు చూసే తీరిక ఉండదు, కింద రాసిన రెండు వరసలు చదువుతాడు. పాత కాగితంలో ఎడమ అని ఉంది. కొత్త కాగితంలో కుడి అని ఉంది.

"మొన్న ఎడమ, ఇప్పుడు కుడి కూడా. రెండు వైపులా చిమ్ముతోంది. ఇక్కడ పెట్టుకోవడం మంచిది కాదు. పెద్దాసుపత్రికి పంపిద్దాం. పదకొండింటికి అంబులెన్సు" అన్నాడు.

పెద్దాసుపత్రి నాలుగు గంటల దారి. ఆ పుస్తకాలు కుట్టే పిల్ల మొహంలో కత్తివాటుకు నెత్తుటిచుక్క లేదు. "రెండు వైపులా అంటే ఏమవుతుంది సార్?" అని అడిగింది. ఆయన అబద్ధం చెప్పే మనిషి కాదు. నడక రాకపోవచ్చనీ, మాట రాకపోవచ్చనీ, ఇప్పుడే ఏమీ చెప్పలేమనీ అన్నాడు. బిడ్డ తండ్రి కాగితాల కోసం కిందికి పరిగెత్తాడు. నాయనమ్మ మూటలు కట్టడం మొదలుపెట్టింది. కట్టిన ముడే విప్పి ఆవిడ మళ్ళీ కడుతుంటే నాకు భయమేసింది.

తొమ్మిదిన్నరకు మాడమ్మ వచ్చింది, చంకలో సీసాతో. సంగతి విని, రెండు బొమ్మలూ తీసి పక్కపక్కన పెట్టింది. పలచటి కాగితాలవి. కాసేపు చూసి, కొత్తదాన్ని వెనక్కి తిప్పి, పాతదాని మీద పెట్టి, రెండింటినీ కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టింది. గింజ మీద గింజ కూర్చుంది. నొక్కు మీద నొక్కు.

"పిన్నీ, ఇది కొత్త మచ్చ కాదే" అంది మెల్లగా.

పెద్ద డాక్టరు గదికి వెళ్ళింది. తుడుపుకర్ర పట్టుకుని నేనూ వెనకే వెళ్ళాను. ఆ గుమ్మం అప్పటికప్పుడు చాలా మురికిగా కనబడింది నాకు.

"సార్, ప్రోబు తిరగబడిందేమోనని నా అనుమానం. ఇది ఆ పాత మచ్చే."

"నేను గాడి చూసుకునే పెట్టాను" అన్నాడు అక్కడే ఉన్న చిన్న డాక్టరు, చెవులు ఎర్రబడుతుండగా.

"రెండు వైపులా ఒకేలా రాకూడదని ఏముందమ్మా?" అన్నాడు పెద్ద డాక్టరు.

"రావచ్చు సార్. కానీ రెండు వైపులా ఉంటే ఒకే బొమ్మలో రెండూ కనబడాలి కదా. ఈ కొత్త బొమ్మలో ఎడమవైపు శుభ్రంగా ఉంది. మరి ఆ పాతది ఎక్కడికి పోయింది? మూటాముల్లె సర్దుకుని కుడివైపుకి కాపురం మార్చిందా?"

"చిన్నదే కదా, కరిగిపోయి ఉంటుంది" అన్నాడు చిన్న డాక్టరు.

"వారంలో జాడ లేకుండానా? ఒక్కసారి మళ్ళీ చూడనివ్వండి సార్. ఊపిరే అంతంతమాత్రంగా ఉన్న పిల్లాడు. నాలుగు గంటలు రోడ్డు మీద కుదిపితే చిట్లనిది కూడా చిట్లుతుంది."

పెద్ద డాక్టరు గడియారం చూశాడు. "నిన్ననే చూసినదాన్ని మళ్ళీ చూడటం దేనికి? ఆ అబ్బాయికి పొరపాటు పడాల్సిన అవసరం ఏమొచ్చింది? నలభై పెట్టెలూ ఒకే వైపుకు, ఒకేలా ఉన్నాయి. పదింటికి యంత్రం గుండెలవాళ్ళకు వెళ్ళాలి" అని కాగితాల్లో తల దూర్చాడు.

నేను అక్కడి నుంచి కదిలి తిన్నగా వార్డులోకి వెళ్ళాను. యంత్రం తలుపు పక్కనే ఉంది. దాని కరెంటు తీగ ఊడదీసి, చుట్ట చుట్టి, బీరువాలో పసిపిల్లల టోపీల కింద పెట్టాను. పదింటికి గుండెల విభాగం అటెండరు వచ్చాడు.

"యంత్రం తీసుకెళ్ళమంటారా పిన్నిగారూ?"

"తీసుకుపో నాయనా, ఎవరొద్దన్నారు?"

"తీగ లేదేంటి?"

"నిన్న నీ దగ్గర్నుంచి వచ్చినప్పుడు ఉందా?"

ఆ పిచ్చితండ్రి ఆలోచనలో పడ్డాడు. "ఉన్నట్టే గుర్తు" అన్నాడు.

"గుర్తు అంటే కుదరదు బాబూ. యంత్రాలతో వ్యవహారం. కిందికెళ్ళి బాగా వెతుక్కో."

వాడు కిందికి పోయాడు. యంత్రమైతే మిగిలింది. కానీ పెద్ద డాక్టరు ఊ అనకుండా మాడమ్మ బిడ్డను ముట్టుకోదు. పెట్టెలన్నీ ఒకేలా ఉన్నాయని ఆయన అన్న మాట నా చెవిలో గుచ్చుకుంటూనే ఉంది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, నా చేతులు నేనే చూసుకున్నాను. ఇరవై రెండేళ్ళలో ఆ ఆసుపత్రిలో నన్ను ఒక్క మాట అన్నవాళ్ళు లేరు. అనే అవకాశం నేను ఇవ్వలేదు. మూడో పెట్టె పక్కన ఆ తల్లి స్టూలు మీద కూర్చుని, గాజు మీద అరచెయ్యి ఆనించి ఉంది. లోపల వాడి చెయ్యి ఆ పిల్ల గోరంత ఉంది.

మళ్ళీ ఆ గది గుమ్మంలో నిలబడ్డాను. మాడమ్మ ఇంకా అక్కడే బతిమాలుతోంది.

"నిన్న పొద్దున ఆ పెట్టె తిరగబడి ఉంది సార్" అన్నాను.

ముగ్గురూ నా వైపు తిరిగారు.

"ఎవరు తిప్పారు?" అన్నాడు పెద్ద డాక్టరు.

"గాలికి తిరగదు కదా సార్. నేనే. నేల తుడవడానికి తిప్పాను, మధ్యాహ్నం సరిచేశాను. స్కాను జరిగింది ఆ మధ్యలో. నర్సును అడగలేదు."

మాడమ్మ గబుక్కున చిన్న డాక్టరు వైపు తిరిగింది. "గాడి ఎటు పెట్టారు బాబూ? చెవి వైపా, కిటికీ వైపా?"

ఆ అబ్బాయి, "కిటికీ వైపు" అన్నాడు. తిలాపాపం తలా పిడికెడు అంటారే, అక్కడ నాకూ, చిన్న డాక్టరుకూ, పెద్ద డాక్టరుకూ సమానంగా వచ్చింది. పెద్ద డాక్టరు తన పిడికెడు చూసుకోవడానికన్నట్టు ఆ రెండు బొమ్మలూ చేతిలోకి తీసుకున్నాడు. కిటికీ దగ్గరికి వెళ్ళాడు. వచ్చాడు.

"యంత్రం ఉందా?"

"ఉంది సార్" అన్నాను. "తీగ కూడా ఉంది. ఎక్కడుందో అడక్కండి."

మూడో పెట్టె చుట్టూ అందరం చేరాం. మాడమ్మ బిడ్డ మాడు మీద గోరువెచ్చని జెల్లీ చుక్క వేసింది. వాడు పెదాలు చప్పరించి ఊరుకున్నాడు. ఆనించే ముందు ప్రోబు ఎత్తి పట్టి, గాడి ఉన్న కొసను వేలితో తట్టింది. తెర మీద ఒక పక్క మసకగా అలజడి లేచింది. "ఇదీ గాడి వైపు. ఇదీ కుడిచెవి" అని చిన్న డాక్టరు చేత వాడి చెవి ముట్టించింది. అప్పుడు ఆనించింది.

నడిమి గీత కనబడింది. రెండు నల్లటి మడుగులు వచ్చాయి. కుడిది నున్నగా, శుభ్రంగా ఉంది. ప్రోబును ముందుకు వంచింది, వెనక్కి వంచింది. కుడివైపు ఎక్కడా చుక్క లేదు. ఎడమవైపు గింజ ఉంది. కొలిచింది. ఎనిమిది రోజుల కిందటి కంటే కాస్త చిక్కింది. మాడమ్మ ఇంకోసారి కొలిచింది, ఎవరూ అడక్కుండానే. పెద్ద డాక్టరు వంగి ఆ కొలత తానే చదువుకున్నాడు.

"అంబులెన్సు వద్దని చెప్పండి" అన్నాడు చివరికి. తల్లి వైపు తిరిగి, "తప్పు మాదమ్మా" అన్నాడు. ఆ మాట ఆయన నోట నేను విన్నది అదొక్కసారే. తర్వాత నా వైపు తిరిగి, "ఆయమ్మా, ఇంకోసారి పెట్టె ముట్టుకున్నావో" అన్నాడు.

"ముట్టుకోకుండా కింద తుడవడం ఎలాగో నేర్పండి సార్, నేర్చుకుంటాను" అన్నాను. మాడమ్మ భుజాలు ఊగాయి.

పుస్తకాలు కుట్టే పిల్ల ఆమె కొంగు పట్టుకుంది. "అక్కా, అయితే వీడు నడుస్తాడా?"

మాడమ్మ నవ్వు ఆపేసింది. "అది ఈ బొమ్మలో రాసి ఉండదమ్మా. ఉన్నది మాత్రం చెబుతాను. ఒక్కటే ఉంది, ఎడమవైపే ఉంది, చిన్నదవుతోంది. వచ్చే వారం చూస్తాను, ఆపై వారం కూడా చూస్తాను. పెరిగిందో, డాక్టరుగారి చేత ముందు నీకే చెప్పిస్తాను. దాచను."

ఆ పిల్లకు అది చాలినట్టుంది. అప్పుడు ఏడ్చింది.

ఇంతలో అంబులెన్సు డ్రైవరు మెట్లెక్కి వచ్చాడు. "ఎవరో పెద్దావిడ నా పక్క సీట్లో ఎక్కి కూర్చుందండీ. ప్రయాణం లేదంటే తలుపు గడియ పెట్టుకుంది" అన్నాడు.

నేనూ మాడమ్మా కిందికి వెళ్ళాం. ఒళ్ళో ఒకటి, కాళ్ళ దగ్గర రెండు, మూడు మూటలతో నాయనమ్మ సీట్లో బిగుసుకుని ఉంది. మాడమ్మ అద్దంలోంచి అంతా విడమరిచి చెప్పింది.

"పొద్దున రెండు వైపులన్నారు. ఇప్పుడు ఒకవైపంటున్నారు. మధ్యాహ్నానికి అసలు తలకాయే లేదంటారు" అంది నాయనమ్మ. "నేను దిగను."

"నేను కళ్ళారా చూశానమ్మా."

"నువ్వు డాక్టరువా?"

"కాదు."

"మరి డాక్టర్లకు తెలియనిది నీకెలా తెలిసింది?"

మాడమ్మ నా వైపు చూసింది. నన్ను వెనకేసుకు రావాలని ఆమె ప్రయత్నం. నాకు అలాంటివి పడవు.

"పెట్టె తిప్పింది నేను వదినా" అన్నాను. "బొమ్మ తిరగబడిందని కనిపెట్టింది ఈ అమ్మాయి. ఈ పిల్ల పట్టుబట్టకపోతే నీ మనవడు ఈపాటికి ఈ బండిలో ఉండేవాడు."

ఆవిడ నన్ను కింది నుంచి పైకి చూసింది. మాడమ్మను చూసింది. గడియ తీసి దిగి, మూడు మూటలూ ఒకదాని తర్వాత ఒకటి నా చేతుల్లో పెట్టింది. పెద్ద డాక్టరు వెయ్యని శిక్ష ఆవిడ వేసింది. రాళ్ళు కట్టిందో ఏమో, మొదటి మెట్టుకే నాకు ఆయాసం వచ్చింది. మాడమ్మ ఒక మూట అందుకోబోయింది.

నాయనమ్మ ఆమె చెయ్యి పట్టి పక్కకు లాగేసింది. "నువ్వు మొయ్యకు తల్లీ. వచ్చే వారం ఆ చెయ్యి వణికితే నష్టం మావాడికి. ఆవిడ మోస్తుందిలే" అంది.